సూరత్ ఎండలో సందిగ్ధ బిందువు

సూరత్ అనగానే తెలంగాణ పద్మశాలీ కుటుంబాలకు మరమగ్గాలు గుర్తొస్తాయి, మిగతావాళ్లకు చీరలు. తపతి సముద్రంలో కలిసేచోట ఉన్న హజీరా పేరు మన ఇళ్లలో పెద్దగా వినబడదు. అరేబియా సముద్రంలోని దక్షిణ బస్సీన్ సహజవాయువు గొట్టంలో వచ్చి ఒడ్డెక్కేది అక్కడే. ఓఎన్‌జీసీ కర్మాగారం అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడునూ కార్బన్ డయాక్సైడునూ విడదీస్తుంది. ఆ కార్బన్ డయాక్సైడును నర్మదకు ఇవతలి అంకలేశ్వర్ చమురు క్షేత్రానికి పంపి భూమిలోకి ఎక్కిస్తే ఎలా ఉంటుందని 2000 దశకంలో ఓఎన్‌జీసీ పరిశీలించింది. 1960లో చమురు పడ్డ క్షేత్రమది, ఇప్పుడు ముసలిదైంది. రాతిలో ఇరుక్కున్న చమురులో ఈ వాయువు కరిగితే అది ఉబ్బి, పలచబడి, కదులుతుందని ఆశ.

ఎక్కించాలంటే ముందు ఒక లెక్క కావాలి. బావి పైన ఎంత ఒత్తిడి పెడితే అడుగున ఎంత వస్తుంది? నీళ్లయితే హైస్కూలు పిల్లవాడు చెప్పేస్తాడు. కార్బన్ డయాక్సైడుకు మాత్రం ఆ జవాబు వెతకడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

కథ బెల్‌ఫాస్ట్‌లో మొదలవుతుంది. 1869లో థామస్ ఆండ్రూస్ ఈ వాయువును సన్నని గాజు గొట్టాల్లో అదిమి చూసి, 30.92 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా అది ద్రవంగా విడిపోదని తేల్చాడు. అదే సందిగ్ధ ఉష్ణోగ్రత. ఇవాళ్టి కొలతల్లో 31 డిగ్రీలు, దానికి తోడు దాదాపు 74 బార్ల ఒత్తిడి. బెల్‌ఫాస్ట్‌లో ఆ వేడి కోసం గొట్టం చుట్టూ వేడినీళ్లు పెట్టుకోవాలి. సూరత్‌లో అది మామూలు మధ్యాహ్నం. కంప్రెసర్ నుంచి వచ్చే వాయువును బయటి గాలితోనే చల్లారిస్తే మే నెల పగటిపూట 31కి దిగే ఆశే లేదు.

చిక్కంతా ఆ ఉష్ణోగ్రతా ఆ ఒత్తిడీ కలిసే సందిగ్ధ బిందువు చుట్టూనే. 35 డిగ్రీల దగ్గర ఒత్తిడి 80 బార్ల నుంచి 90కి పెరిగితే చాలు, ఘనపు మీటరు బరువు సుమారు 420 కిలోల నుంచి 660కి ఎగబాకుతుంది. బావిలో దిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడితో బరువు, బరువుతో మళ్లీ ఒత్తిడి. మధ్యలో రాతి వేడి ఉక్కు గొట్టాన్నీ సిమెంటునూ దాటి లోపలికి వచ్చి ఆ బరువును తగ్గిస్తుంది. కాంబే బేసిన్‌లో భూగర్భం మామూలుకన్నా వేడి, కాబట్టి ఈ తగ్గింపును చిన్నదని వదిలేయలేం.

1962లో హెన్రీ రేమీ అనే అమెరికన్ ఇంజనీరు బావికీ రాతికీ మధ్య ఉష్ణ మార్పిడికి ఒక సూత్రం ఇచ్చాడు. లోతు, కాలం తెలిస్తే ఉష్ణోగ్రత చెప్పే సూత్రం, చేత్తోనే వేసుకోవచ్చు. నా దృష్టిలో పెట్రోలియం ఇంజనీరింగులోని అందమైన పనుల్లో అదొకటి. కాకపోతే బావి లోపల పారేదాన్ని ఆయన నీటిలానో ఆదర్శ వాయువులానో ఊహించుకున్నాడు. కార్బన్ డయాక్సైడు ఆ రెంటిలో ఏదీ కాదు. దాని అసలు స్వభావాన్ని సమీకరణంలో పెట్టింది జర్మనీకి చెందిన స్పాన్, వాగ్నర్‌లు, 1996లో. ఆ తర్వాత అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల టీ2వెల్ అనే ప్రోగ్రాంలో బావినీ రిజర్వాయరునూ కలిపి లెక్కగట్టింది. ఇప్పుడు బావిని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి మూడింటినీ ఒకేసారి సరిచూస్తారు.

ఇంత శ్రమ ఎందుకో తెలియాలంటే 1982 మార్చిలో కొలరాడోలోని షీప్ మౌంటెన్‌లో ఏం జరిగిందో చూడాలి. అక్కడ ఒక కార్బన్ డయాక్సైడు బావి అదుపు తప్పింది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే ఈ వాయువు తనను తానే చల్లబరుచుకుంటుంది. బావి మూతి నుంచి వాయువుతోపాటు పొడి మంచు ముక్కలు ఎగిసిపడ్డాయి. దాన్ని ఆపడానికి వారాలు పట్టింది.

అంకలేశ్వర్ లాంటి పాత క్షేత్రంలో నాకు ఎక్కువ భయం కలిగించేది అంత పెద్ద ప్రమాదం కాదు, రోజువారీ ఆగడం, మొదలవడం. పంపు ఆగగానే పైభాగంలో ఒత్తిడి తగ్గి గొట్టం చల్లబడుతుంది, కదలిక లేని చోట రాయి వేడి మెల్లగా పట్టుకుంటుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ మార్పు. ఉక్కు సాగి ముడుచుకున్నంతగా సిమెంటు సాగదు. రెంటి మధ్య పట్టు సడలితే వాయువుకు దారి దొరికినట్టే. దశాబ్దాల కిందట చమురు తీయడానికి వేసిన సిమెంటు వెనక ఏ గొట్టం ఎన్నిసార్లు చల్లబడి వేడెక్కిందో రాసిపెట్టిన రికార్డు ఉంటే, మోడల్ మొదట అడిగేది అదే.