సిలిండర్ లీకు: ఇంజిన్ దించక ముందే కనిపెట్టవచ్చు

సెల్ఫ్ కొట్టగానే కారు వణుకుతుంది. పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. షెడ్డుకు తీసుకువెళితే ‘ఇంజిన్ దించాలి’ అన్న మాట వినవస్తుంది. కారే జీవనాధారమైన టాక్సీ డ్రైవర్‌కు ఆ మాట విలువ ఎన్నో రోజుల సంపాదన. అయితే లోపం ఏ సిలిండర్‌లో, ఏ భాగం వద్ద ఉందో ఇంజిన్ విప్పకుండానే చాలావరకు నిర్ధారించవచ్చు.

సిలిండర్‌లో పిస్టన్ నొక్కిన గాలి బయటికి పోకుండా ఆపేవి ప్రధానంగా మూడు: పిస్టన్ రింగులు, వాల్వులు, హెడ్ గ్యాస్కెట్. తొలి పరీక్ష కంప్రెషన్‌ను కొలవడం. పెట్రోల్ ఇంజిన్‌ను వేడెక్కించి, ఇగ్నిషన్‌ను, ఇంధన సరఫరాను నిలిపివేసి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఆ రంధ్రాలలో ఒక్కొక్కదానికీ గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ బలహీనంగా ఉంటే అన్ని అంకెలూ తగ్గి తప్పుదారి పట్టిస్తాయి. ఇక్కడ అంకె కంటే తేడా ముఖ్యం. మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ చూపి నాలుగవది 110 వద్ద ఆగితే అనుమానం దానిపైనే. పక్కపక్కనున్న రెండూ తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ కాలి ఉండవచ్చు.

తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే లోపం రింగులది. ఆయిల్ వాటి సందులను కాసేపు మూస్తుంది. పెరగకపోతే వాల్వులను, గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డీజిల్ ఇంజిన్‌కు ఈ చిట్కా తగదు.

అసలు గుట్టు విప్పేది లీక్‌డౌన్ పరీక్ష. రెండు వాల్వులూ మూసుకుని, పిస్టన్ పైకొసన ఉండగా ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపి, ఎంత శాతం పోతోందో గేజిపై చూస్తారు. గాలి ఒత్తిడికి ఇంజిన్ ఒక్కసారిగా తిరగవచ్చు కనుక చేతులు దూరంగా ఉంచాలి. కొత్త ఇంజిన్‌లోనూ రింగుల సందుల నుంచి కొంత గాలి పోతుంది. 10 శాతం లోపు నష్టం సాధారణమే, 20 దాటితే ఆలోచించవలసిందే.

అక్కడి నుంచి పని చెవిది. సైలెన్సర్ గొట్టంలో ‘స్...’ మని వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ఆయిల్ పోసే మూత వద్ద బలంగా వస్తే రింగులో, సిలిండర్ గోడలో అరిగినట్టు. రేడియేటర్ నీటిలో బుడగలు లేస్తే గ్యాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. వేడి రేడియేటర్ మూత తీయడం ప్రమాదకరం, చల్లారాకే చూడాలి.

సీఎన్‌జీతో నడిచే కార్లకు మరో మాట. వాటిలో వాల్వు సీట్ల అరుగుదల కొంత ఎక్కువ. సీటు అరిగేకొద్దీ వాల్వు లోనికి జరిగి, టాపెట్ సందు తగ్గి, చివరకు వాల్వు పూర్తిగా మూసుకోదు. సందు సర్దే వీలున్న ఇంజిన్లలో ముందుగా దానిని సరిచేయించి మళ్లీ కొలిపించాలి. అందుకు ఇంజిన్ దించనక్కరలేదు. అప్పటికీ గాలి పోతూనే ఉంటే హెడ్ విప్పక తప్పదు.