ఓపెన్ టెన్త్: మెమో మీద ఏ సబ్జెక్టులున్నాయి?

దళితవాడల్లో పెద్దవాళ్ల చదువు గురించి మాట్లాడేటప్పుడు మన చర్చ ఎక్కువగా అక్షరాస్యత దగ్గరే ఆగిపోతుంది. సంతకం వచ్చింది, బస్సు బోర్డు చదవడం వచ్చింది అనుకుంటాం. అది చిన్న విషయమని మేము అనడం లేదు. 1855లోనే జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు పుణెలో కూలినాలి చేసుకునేవాళ్ల కోసం రాత్రిబడి నడిపారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది కూడా రాత్రిబడి పాఠాల నుంచే. కానీ అక్షరం వచ్చినంత మాత్రాన రాజ్యం మన మనిషిని చదువుకున్న మనిషిగా లెక్కెయ్యదు. దానికి కాగితం కావాలె. ఆ కాగితం పదో తరగతి మెమో.

చిలుకూరు అనగానే హైదరాబాదు వాళ్లకు వీసాల బాలాజీ గుడి గుర్తొస్తుంది. మేము చెప్పేది కోదాడ, హుజూర్‌నగర్ నడుమ ఉన్న చిలుకూరు. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే నేల. నీళ్లొచ్చినయి, పంటలొచ్చినయి. ఆ పంటల్లో నాట్లకూ, కలుపుకూ, పశువుల కాపలాకూ బడి మానేసిన పిల్లలు ఎక్కువగా ఎవరి పిల్లలో పాఠకులకు చెప్పనక్కర్లేదు. తమ్ముణ్ని ఎత్తుకోవడానికి ఇంటికాడ ఆగిపోయిన ఆడపిల్లలు వేరే. వాళ్లే ఇవాళ ముప్పై, నలభై ఏళ్ల వయసులో "ఇప్పుడు రాస్తే పదోతరగతి వస్తదా?" అని అడుగుతున్నారు.

వస్తుంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. 2014లో రాష్ట్రం వేరైన తర్వాత తెలంగాణకు సొంత విద్యాపీఠం వచ్చింది. జనం నోట్లో దాని పేరు ఓపెన్ టెన్త్. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. బడి ముఖం చూడనివాళ్లు కూడా చదవడం, రాయడం వచ్చునని రాసిచ్చి చేరవచ్చు. అయిదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 35 మార్కులు. అన్నీ ఒకేసారి రాయాలనే నిర్బంధం లేదు. ఒకసారి పాసైన సబ్జెక్టు మార్కులు అట్లాగే ఉంటాయి, మిగతావి అయిదేళ్లలో పూర్తి చేసుకోవచ్చు. సెలవురోజుల్లో క్లాసులుంటాయి. మామూలు పదో తరగతికి ఉన్న విలువే దీనికీ ఉంది.

అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఏ సబ్జెక్టులు తీసుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ ఓపెన్ టెన్త్‌లో ఉంది. లెక్కలూ ఇంగ్లీషూ తప్పించి, తెలుగు, సోషల్, గృహవిజ్ఞానం లాంటివి కలుపుకొని పాసవ్వొచ్చు. దరఖాస్తు నింపేవాళ్లు, చేర్పించే మధ్యవర్తులు "అమ్మా, నీకు లెక్కలెందుకే" అని అల్కగున్నవి రాసేస్తారు. ఆ మాటలో జాలి ఉంది, చిన్నచూపూ ఉంది. ఫలితం మాత్రం ఏండ్ల తర్వాత తెలుస్తుంది.

గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉండాలి. పాలిసెట్ రాయాలంటే లెక్కలు ఉండాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు లెక్కలు, సైన్సు కావాలి. అంటే ఇద్దరి చేతుల్లోనూ పదో తరగతి మెమో ఉంటుంది, ఒకరికి తలుపు తెరుచుకుంటుంది, ఇంకొకరికి తెరుచుకోదు. గల్ఫ్ పోయేవాళ్ల సంగతి వేరు. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టుకు వలస అనుమతి ముద్ర అవసరం ఉండదు, అక్కడ సబ్జెక్టు అడగరు. కాబట్టి లెక్కలు అందరూ తీసుకోవాలని మా వాదన కాదు. ఏ పనికోసం రాస్తున్నరో ముందు అడిగి, ఆ తర్వాతే దరఖాస్తు నింపాలె.

లెక్కలు రావనే భయం నిజమే. కానీ గుత్తకు నాట్లేసే ముఠాలో ఆ లెక్క రోజూ జరుగుతూనే ఉంది. ఎకరాకు గుత్త 5,000 అనుకుందాం. మూడెకరాల పది గుంటలు నాటారు. 40 గుంటలు ఎకరం కాబట్టి అది మూడుంబావు ఎకరాలు, 16,250 రూపాయలు. ముఠాలో 13 మంది ఉంటే తలకు 1,250. ఇందులో భిన్నం ఉంది, గుణకారం ఉంది, భాగారం ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 20,000కు నెలకు 400, ఏడాదికి 4,800 అని మన అమ్మలు వేళ్ల మీద చెప్తారు. అదే బారువడ్డీ పాఠం, 24 శాతం. వాళ్లకు రానిది లెక్క కాదు, పుస్తకంలో దాన్ని రాసే భాష. ఉపాధ్యాయ మిత్రులు ముందు ఈ నోటి లెక్కను కాగితం మీద పెట్టించి, ఆ తర్వాత పుస్తకం తెరిస్తే భయం సగం పోతుంది. ఇంగ్లీషుకు ఇంత దగ్గరి దారి లేదు. దానికి రెండేళ్లు పెట్టుకోవడమే మంచిది. అయిదేళ్ల గడువు ఉన్నది అందుకే.

కాలం ఇంకో చిక్కు. చేరికలు సాధారణంగా వానాకాలంలో జరుగుతాయి, నాట్లూ అప్పుడే. పరీక్షలు ఏప్రిల్-మేలో, మళ్లీ అక్టోబరు-నవంబరులో. మొదటిది యాసంగి కోతలు, రెండోది వానకాలం కోతలు. పొద్దంతా వంగి నాటేసిన మనిషి రాత్రి ఎనిమిదింటికి పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుంది, అది బద్ధకం కాదు. ఈ అలసట మీదనే "పాస్ గ్యారంటీ" బేరం నడుస్తుంది. కూలి డబ్బులు పోసి కొనుక్కున్న మెమో పట్టుకొని ఫారం నింపలేక నిలబడ్డప్పుడు నవ్వేది ఎవరో మనకు తెలుసు.

ఒక సీజనుకు రెండు సబ్జెక్టులకు మించి కట్టించవద్దని కార్యకర్తలకు మా సూచన. పనులు తక్కువుండే నెలల్లో వాడలోనే, కమ్యూనిటీ హాలులోనో ఎవరి అరుగు మీదనో, గంటన్నర కూర్చోవాలి. కులం సర్టిఫికెట్, పుట్టినతేదీ కాగితం, ఆధార్‌లో పేరు ఒకేతీరుగా ఉన్నయో లేదో చూసుకోవాలి. చాలామందికి ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఇంకోచోట అత్తింటిది ఉంటుంది. దీన్ని సరిచేయించడానికే మీసేవ చుట్టూ నెలరోజులు తిరగాలె. ఈ పని మృగశిర కార్తెకు ముందే కావాలె. నాట్లు మొదలైనంక ఎవర్నీ పట్టుకోలేం.