కోటు భుజముపై కుట్టుబిళ్ల

తపాలాబిళ్లలను, పాతనాణెములను సేకరించువారిని మనమెరుగుదుము. యుద్ధకాలమున వైమానికదళమువారు కోటుభుజమున కుట్టుకొనిన గుడ్డబిళ్లలను సేకరించువారును గలరు. అమెరికాలోనున్న మా మేనల్లుడట్టివాడు. ఇటీవల నతడు పాతవస్తువుల సంతలో నొక కోటును గొని, "అత్తయ్యా! పని చెడకుండ దీని బిళ్లను ఊడదీయుటెట్లు?" అని మమ్మడిగెను. సూదిపని మాకు దెలియునని యతని నమ్మకము.

అతడు పంపిన ఛాయాచిత్రమును జూచితిమి. బిళ్ల డాలు ఆకారముననున్నది. క్రింద ఎరుపు తెలుపు చారలు. మీది నీలిరంగుపై నొకవైపు చీనాదేశపు సూర్యుడు, మరియొకవైపు భారతదేశపు నక్షత్రము. చీనా, బర్మా, ఇండియా రంగమున పనిచేసిన అమెరికను సైనికుల గుర్తు అది. 1942లో జపానువారు బర్మామార్గమును మూసివేయగా, అస్సామునుండి పర్వతములమీదుగా చీనాలోని కున్మింగునకు 1945 వరకు విమానములపై సరకులు చేరవేసిరి. ఆ దారిలో పెక్కు విమానములు కూలిపోయినవి. ఈ బిళ్లను ధరించినవారిలో ఆ వైమానికులును గలరు.

ఈ బిళ్ల జరీపని. అమెరికాలో యంత్రముపై కుట్టినవి నూలుబిళ్లలు. ఇట్టి జరీబిళ్లలను పెక్కింటిని మనదేశపు పనివారే చేతితో కుట్టి యిచ్చిరి. కుట్టినవాని పేరు బిళ్లపై నుండదు.

వెల పెరిగినకొలది నకిలీబిళ్లలును బయలుదేరినవి. అతినీలలోహిత దీపముక్రింద నేటి దారము తెల్లగా మెరయును. యుద్ధకాలపు నూలు సాధారణముగా మెరయదు. కాని నేటి సబ్బుపొడితో నుతికిన పాతబిళ్లయు మెరయును. కావున ఆ యొక్క పరీక్షచే నిర్ణయింపరాదు. బిళ్లకు గట్టిసాక్షి అది కుట్టబడియున్న కోటే.

అందుచే మేమిట్లు బదులు వ్రాసితిమి: "నాయనా, కత్తెర పక్కన బెట్టుము. కోటులోపల చూడుము. అమెరికను సైనికులు తమ యింటిపేరి మొదటి యక్షరమును, సైనికసంఖ్యలోని చివరి నాలుగంకెలను చాకలిగుర్తుగా వేసుకొనెడివారు. బిళ్లను వేరుచేసితివా, అది యెవరిదో చెప్పునది యుండదు. తడుపవలదు, జరీ నల్లబడును."

అతడు వెదకెను. కాలరు లోపల అక్షరమును, నాలుగంకెలును వెలిసిపోయి కానవచ్చినవట. బిళ్ల నూడదీయు తలపు మానుకొని, ఆ కోటుగలవాని బంధువులకై వెదకుచున్నాడు.

మన పెట్టెలలోను అమ్మమ్మల పట్టుచీరలు కలవు. జరీకై వానిని అమ్మివేయుటకు ముందు, అది యెవరి చీరయో, ఏ పెండ్లికి గట్టినదో యొక చీటిపై వ్రాసి మడతలో నుంచుడు. అటుపిమ్మట అమ్మ మనసొప్పునేమో చూచుకొనుడు.