మా ఇంట్లో ఈజిప్టు

"అమ్మా, ముందుగాల పొలాలు కట్టాలె. పొలమే లేకుండ వాన కురిపిస్తె ఏం లాభం?"

ఈ మాట అన్నది ఏ రైతో కాదు, పదహారేళ్ల మా అమ్మాయి. అన్నది పొలం గట్టు మీద కాదు, మా ముందు గదిలో, లాప్‌టాప్ ముందు. పన్నెండు రోజుల తర్వాత అది నాతో ఆడిన మొదటి నిండు మాట ఇది. అందుకే ఇంత బాగా గుర్తుండిపోయింది.

సంగతేమిటంటే, మా అమ్మాయిని పదో తరగతి కాగానే హైదరాబాద్‌లో ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్ ఎంపీసీలో చేర్చాం. అందరూ చేర్చారు, మేమూ చేర్చాం. ఇష్టమా అని అడిగామా అంటే, అడిగాం. కానీ ఫీజు కట్టేసిన తర్వాత అడిగాం! ఏప్రిల్లో మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో, ఫిజిక్స్‌లో తప్పింది. ఇంటికొచ్చిన పిల్ల మాట మానేసింది. పిలిస్తే "ఊ", అన్నం పెడితే "చాలు". మిగతా పొద్దంతా మా వారి పాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో ఆట.

తప్పిన పిల్ల ఆటలాడుతుంటే ఏ తల్లికి కడుపు మండదు చెప్పండి? ఒకరోజు ఆ వైరు పీకేద్దామనే వెళ్లాను. కానీ మనసులో ఇంకో భయం ఉంది. 2019లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫొటోలు పేపర్లో చూసిన ఏ తల్లీ మర్చిపోలేదు. చెయ్యి వైరు దాకా వెళ్లి ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచక పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆ గుడి ఎవరిది బిడ్డా?" అన్నాను. ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగిన ప్రశ్న.

"రా" అంది.

"వచ్చిన కదా!" అన్నాను.

దానికి నవ్వొచ్చింది. "నిన్ను రమ్మంటలేనమ్మా. దేవుని పేరే 'రా'. సూర్యుడు."

పొలం లేని వాన

ఆ ఆట పేరు 'ఏజ్ ఆఫ్ మిథాలజీ'. అమెరికాలో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ అనే సంస్థ తయారు చేస్తే 2002లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. 2014లో ఒకసారి, 2024లో మరోసారి కొత్త హంగులతో వచ్చింది. మా పాత లాప్‌టాప్ మోయగలిగింది 2014 నాటిదే. గ్రీకులు, ఈజిప్షియన్లు, ఉత్తర ఐరోపా నార్స్ జనం... వీళ్లలో ఒకరిని ఎంచుకుని ఊరు కట్టాలి, పంట పండించాలి, సైన్యాన్ని పెంచాలి, శత్రువును గెలవాలి. మా అమ్మాయి ఈజిప్టునే ఎంచుకుంటుంది. ఎందుకని అడిగితే, "వాళ్లకు ఇండ్లు పుక్కట్ల వస్తయి" అంది.

నిజమే. ఈజిప్టు వాళ్లకు చాలా కట్టడాలకు పైసా ఖర్చుండదు. కాకపోతే నెమ్మదిగా లేస్తాయి. ఓపిక ఉన్నవాళ్ల ఆట అన్నమాట. దేవుడి దయ సంపాదించే పద్ధతి కూడా ఒక్కొక్కరికీ వేరు. గ్రీకులు గుళ్లో ప్రార్థన చేస్తే వస్తుంది. నార్స్ వాళ్లకు యుద్ధం చేస్తే వస్తుంది. ఈజిప్టు వాళ్లు స్మారకాలు కట్టాలి. మొత్తం అయిదు స్మారకాలు. దేవతలది, రాజుది, పూజారులది, సైనికులది... వీటన్నిటి కంటే ముందు కట్టేది ఎవరిదో తెలుసా? పనివాళ్లది! అది విని నేను స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను. పొద్దున్నే అయిదింటికి లేచి పొయ్యి ముట్టించే మనలాంటి వాళ్లకు ఎవరు కడతారమ్మా స్మారకం?

మూడో రోజు, "నువ్వు ఆడుతవా?" అని అదే అడిగింది. మౌస్ నా చేతికొచ్చింది. రా దేవుడు ఇచ్చే వరం వాన. వాన పడితే పొలాల్లో పని జోరుగా సాగి ధాన్యం త్వరగా వస్తుంది. ఈ వరం ఆట మొత్తంలో ఒక్కసారే. నేనేం చేశాను? ఒక్క పొలం కట్టకముందే వాన బొమ్మ నొక్కేశాను. తెర మీద చక్కగా వాన కురిసింది. కింద బీడు భూమి! అప్పుడన్న మాటే నేను మొదట చెప్పింది.

ఆ మాట ఆట గురించే అన్నది. రాత్రి నిద్ర పట్టక నేనే వేరేగా అర్థం చేసుకున్నాను. పిల్ల మనసు దేని మీద ఉందో చూడకుండా, దాచుకున్న డబ్బంతా ఒక్కసారి ఫీజుగా కురిపించాం. అదీ పొలం లేని వానే కదా!

ఏడు పాయలు

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. అల్లం ఒలుస్తూ ఆవిడ కూడా వచ్చి తెర చూడడం మొదలుపెట్టింది. నైలు నది కనపడగానే, "ఇది మన మంజీర లెక్కనే ఉన్నదే" అంది.

ఆవిడ ఊరికే అన్నా, మాటలో పస ఉంది. మెదక్ పక్కన ఏడుపాయల దగ్గర మంజీర ఏడు పాయలై చీలి పారుతుందంటాం కదా. శివరాత్రికి అక్కడే వనదుర్గమ్మ జాతర. నైలు నది కూడా సముద్రంలో కలిసే ముందు ఏడు పాయలుగా చీలేదని రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఇప్పుడు పెద్ద పాయలు రెండే మిగిలాయి. ఏటేటా వేసవి చివర నైలుకు వరదొచ్చి పొలాల మీద ఒండ్రు పరిచి పోయేది. ఆ వరదను బట్టే వాళ్ల ఏడాది లెక్క. అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట 1970లో పూర్తయ్యాక ఆ వరద ఆగిపోయింది. మనకు మంజీర మీద 1905లో ఘనపురం ఆనకట్ట కట్టాక కాలువల కింద వరి పండింది. వాన ఎక్కువైన ఏడాది అమ్మవారి గుడే నీళ్లలో మునుగుతుంది, మీకు తెలిసిందే.

ఇవన్నీ నాకు ముందే తెలుసనుకోకండి. డిగ్రీలో చదివినవి కొన్ని, పిల్ల అడిగితే వెతికి తెలుసుకున్నవి కొన్ని. అది అడుగుతుంటే చెప్పడానికైనా నేను చదవాల్సి వచ్చింది. చాన్నాళ్లకు మా ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర మార్కుల మాట కాకుండా వేరే మాట నడిచింది.

మెతుకు లెక్క

ఒకరోజు నేను ఫారోని, అంటే రాజుని, యుద్ధానికి పంపాను. నిజానికి ఆయన పని అది కాదు. ఫారో ఏ కట్టడం పక్కన నిలబడితే అక్కడ పని వేగం పెరుగుతుంది. చెయ్యి వెయ్యక్కర్లేదు, పక్కనుంటే చాలు. నేను పంపిన చోట పాపం చచ్చిపోయాడు.

"అయ్యో!" అన్నాను.

"ఏం గాదమ్మా. కొద్దిసేపైనంక ఇంకో ఫారో వస్తడు" అంది.

నా గొంతు పట్టేసింది. "ఆటల వస్తడు బిడ్డా..." అన్నాను. అంతకంటే ముందుకు మాట రాలేదు.

అది తెర మీది నుంచి చూపు తిప్పలేదు. కాసేపటికి మెల్లగా, "నాకెర్కనే అమ్మా. నేనట్ల ఏం చేసుకోను. గాని నన్ను మళ్ల ఆ హాస్టల్‌కు మాత్రం పంపకుండ్రి" అంది.

అప్పుడు చెప్పింది. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా చదువే. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం. కింది సెక్షన్‌లో పడ్డాక ఎవరూ పేరు పెట్టి పిలవకపోవడం. తిండి సరిగ్గా పోక పోవడం. సంక్రాంతికి వచ్చినప్పుడే చెప్పాలనుకుందట. ఇంటినిండా చుట్టాలు. నేనేమో అరిసెల పాకం దగ్గర ఉన్నాను.

మాది మెదక్. ఒకప్పుడు మెతుకుసీమ. మెతుకు పేరున్న ఊళ్లో పుట్టిన పిల్ల పక్కూళ్లో తిండి పోక చిక్కిపోతే నాకు తెలియలేదు!

ఆ రాత్రి దానికి రెండు సంగతులు చెప్పాను. పిరమిడ్లు బానిసలతో కొరడా దెబ్బలు కొట్టి కట్టించారని మనం సినిమాల్లో చూశాం. 1990లో గీజా పిరమిడ్ల దగ్గర ఒక గుర్రం కాలు తట్టుకున్న చోట పాత మట్టిగోడ బయటపడింది. తవ్వితే, పిరమిడ్లు కట్టిన పనివాళ్ల సమాధులు! రాజుగారి పిరమిడ్ పక్కనే వాళ్లకూ చోటిచ్చారు. వాళ్ల కోసం రొట్టెలు కాల్చిన వంటశాలలు, తిని పారేసిన పశువుల ఎముకలు కూడా ఆ ప్రాంతంలోనే దొరికాయి.

రెండోది ఇంకా గొప్పది. క్రీస్తుకు పూర్వం 1150ల్లో మూడో రామ్సెస్ అనే ఫారో కాలం. రాజుల సమాధులు చెక్కే పనివాళ్లకు కూలి కింద రావలసిన ధాన్యం రాలేదు. పనిముట్లు పడేసి గుడి దగ్గరికెళ్లి కూర్చున్నారు. ఆకలవుతుంటే పని చెయ్యం అన్నారు. చరిత్రలో రాతకెక్కిన మొట్టమొదటి సమ్మె అదేనంటారు. ధాన్యం వచ్చింది.

"అంటే నేను జేసింది సమ్మెనా?" అంది మా అమ్మాయి.

"ఔ. గాని నీకేం కావాలో నోరు తెరిచి చెప్పాలె గదా" అన్నాను.

మా అత్తమ్మ అందుకుని మన చర్చి సంగతి చెప్పింది. కరువులో జనం తిండి లేక అల్లాడుతుంటే పోస్నెట్ దొర పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన చర్చి అది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. 175 అడుగుల ఆ గోపురాన్ని దూరం నుంచే చూస్తాం. మోసిన తట్టలెన్నో, మోసిన ఆడవాళ్లెందరో ఎవరూ లెక్క రాయలేదు.

నైషు దగ్గర

సప్లిమెంటరీ రాసింది. రెండూ పాసైంది. కానీ ఎంపీసీ వద్దంది. చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ తీసుకుని మెదక్‌లోనే మళ్లీ మొదటి ఏడాది చేరతానంది. మా వారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడాది పోతుందని ఆయన బాధ. కట్టిన ఫీజు సంగతి సరేసరి. మా అత్తమ్మే, "ఏడాదిదేమున్నది రా, పిల్ల నవ్వుతున్నది సూడు" అంది. ఆ మాటతో ఆయన మెత్తబడ్డారు.

చేరే ముందు దాన్ని హైదరాబాద్ తీసుకెళ్లాను, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియానికి. అక్కడ నిజమైన ఈజిప్టు మమ్మీ ఉందని మీలో ఎంతమందికి తెలుసు? ఆమె పేరు నైషు అంటారు. రెండు వేల ఏళ్లకు పైబడిన యువతి. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనుక్కొస్తే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. పాడవకుండా 2016లో ఆక్సిజన్ చేరని అద్దాల పెట్టెలో భద్రపరిచారు.

ఆ పెట్టె ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడింది. "చిన్నగున్నదమ్మా" అంది. అంతే. ఆటలో మమ్మీలు లేచి వచ్చి యుద్ధం చేస్తాయి. ఇక్కడ ఒక ఆడపిల్ల పడుకుని ఉంది. ఆమెను గుడ్డల్లో చుట్టిన చేతుల్లో ఏ ఆత్మీయుల కన్నీళ్లు పడ్డాయో!

తిరుగు బస్సులో ఐసిస్ కథ చెప్పింది నాకు. ఐసిస్ భర్త ఒసైరిస్‌ను తమ్ముడు సెట్ చంపి ముక్కలు చేసి దేశమంతా విసిరేస్తాడు. ఐసిస్ ఊరూరా తిరిగి ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి ఒక్కటిగా కట్టి బతికించుకుంటుంది. మన సావిత్రి యముడి వెంట నడిచినట్టే. మగవేషంలో ఏలిన హాట్‌షెప్సుట్ రాణి గురించి అది చెబితే, రుద్రదేవ మహారాజు పేరుతో ఏలిన మన రుద్రమదేవి గురించి నేను చెప్పాను. నర్సాపూర్ అడవి దాటిందే తెలియలేదు.

ఇప్పుడు మా అమ్మాయి రోజూ నడిచి కాలేజీకి వెళ్లి వస్తోంది. ఆట ఆదివారం ఒక గంట, అది పెట్టుకున్న నియమమే. నేను ఇప్పటికీ ఓడిపోతున్నాను. పొలాలు మాత్రం ముందు కడుతున్నాను.

ఆటలన్నీ మంచివని నేననడం లేదు. డబ్బులు గుంజేవి, నిద్ర చెడగొట్టేవి ఎన్నో ఉన్నాయి. కానీ వైరు పీకే ముందు ఒక్క స్టూలు లాక్కుని పక్కన కూర్చోండి. "ఆ గుడి ఎవరిది?" అని అడగండి. పిల్లలు మరీ ముడుచుకుపోతే ఆలస్యం చెయ్యకండి. 14416 టెలి మానస్ నంబరుకు ఫోన్ చేస్తే నిపుణులు మాట్లాడతారు, ఖర్చేమీ లేదు. అలా ఫోన్ చెయ్యడం నామోషీ కాదు.

అన్నట్టు, మీ ఇంట్లో పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో మీకు తెలుసా?