వార్ధక్యంలో నడుమునొప్పి: చికిత్సల మంచిచెడ్డలు

వయసు మీరినవారున్న ఇంట నడుమునొప్పి మాట వినబడని రోజు అరుదు. 2020లో లోకమంతటా 61 కోట్ల 90 లక్షల మంది దీనితో బాధపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒకరు ఆపరేషను చేయించుకొమ్మంటారు; ఒకరు ఇంజక్షను మేలంటారు; మరొకరు నడుముపట్టీ తెచ్చి ఇస్తారు. ఇన్ని సలహాలలో దేనిని గ్రహించాలి, దేనిని విడిచిపెట్టాలి అన్నది పెద్దలకూ, వారి పిల్లలకూ కూడా చిక్కు సమస్యే.

మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలికమంటారు. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలుంటాయి. వయసుతోపాటు అవి నీరింకి పలుచబడతాయి. తల నెరిసినట్లే ఇదీను. నొప్పి ఏమాత్రం లేని 80 ఏళ్ళవారిలో సైతం నూటికి 96 మందికి ఈ అరుగుదల చిత్రాలలో కనిపించినట్లు 2015లో వెలువడిన ఒక సమీక్ష తెలిపింది. కనుక స్కానింగు కాగితంలో “డిస్కు అరిగినది” అన్న మాట చూచినంతనే బెంబేలు పడనక్కరలేదు. ఆ అరుగుదలే నొప్పికి కారణమని ఒక్క చిత్రాన్ని బట్టి తేల్చలేము.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. బాధ నడుములోనే ఉన్నదా, కాళ్ళలోకి దిగుతున్నదా? కొంత దూరం నడిచేసరికి పిక్కలు లాగి, కూర్చున్నా ముందుకు వంగినా ఉపశమిస్తే, వెన్నులోని నరాల దారి ఇరుకైనదేమోనని వైద్యులు అనుమానిస్తారు. ఈ రెండు రకాల బాధలకూ చికిత్స ఒకటి కాదు.

ప్రత్యేక కారణమేదీ కనబడని నడుమునొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మార్గదర్శకాలు వెలువరించింది. క్రమబద్ధమైన వ్యాయామం, మర్దనం, నొప్పి స్వభావాన్ని రోగికి బోధపరచడం వంటివాటిని అది సమర్థించింది. నడుముపట్టీలను, బరువులు కట్టి నడుమును లాగే చికిత్సను, నల్లమందు జాతి మందులను మాత్రం మామూలుగా వాడవద్దన్నది. వ్యాయామమన్నంతనే కసరత్తు అనుకొని భయపడవలదు. ఓపికకు తగినట్లు నడక, నడుముకూ పొట్టకూ బలమిచ్చే కదలికలు, కొన్ని వారాలపాటు విడువకుండా సాగిస్తే చాలును. వీటి ఫలం మెల్లగా కనిపిస్తుంది; హాని స్వల్పం.

నొప్పి మాత్రలు కొద్ది రోజులు ఉపకరిస్తాయి. కాని పెద్ద వయసులో అవి కడుపులో పుండ్లకు, మూత్రపిండాల చేటుకు, రక్తపోటు పెరగడానికి దారి తీయవచ్చును. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దుకాణంలో అడిగి కొని మింగరాదు.

ఇక ఇంజక్షను. నరాల దారి ఇరుకైన 400 మందిపై జరిపిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. మత్తుమందుకు స్టీరాయిడు చేర్చి ఇచ్చినందువల్ల, ఆరు వారాల తరువాత చెప్పుకోదగిన అదనపు లాభం అందులో కనబడలేదు. స్టీరాయిడు మధుమేహం ఉన్నవారికి రక్తంలో చక్కెరను పెంచుతుంది కూడా.

శస్త్రచికిత్స ముఖ్యంగా నరాలపై ఒత్తిడివల్ల కాళ్ళు బాధించేవారికి ఉపయోగిస్తుంది. ఒక్క నడుములోనే ఉన్న నొప్పికి దాని లాభం నిశ్చయం కాదు. ఒత్తిడి తొలగించడంతోపాటు పూసలను బిగించవలెనని వైద్యుడంటే, ఎందుకని అడగండి. స్వీడనులో జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, పూసలు బిగించినవారికి రెండేళ్ళ తరువాత అదనపు మేలు కానరాలేదు.

అయితే, కొన్ని లక్షణాలు కనబడినప్పుడు తూకాలు వేస్తూ కూర్చోరాదు. మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల లోపలి భాగం మొద్దుబారినా, కాలు చచ్చుబడుతున్నా వెంటనే ఆసుపత్రికి చేరవలెను. జ్వరమున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పూర్వం కాన్సరు వచ్చి ఉన్నా వైద్యునికి తప్పక చెప్పవలెను. ఎముకలు గుల్లబారినవారికి చిన్న జారుపాటుకే వెన్నుపూస కుంగవచ్చును. ఆలస్యం అమృతం విషం.

తక్కిన సందర్భాలలో తొందర లేదు. వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి: ఈ చికిత్సవల్ల నాకు కలిగే మేలెంత? నా వయసుకు, నాకున్న ఇతర జబ్బులకు దీని ప్రమాదమేమి? కొంతకాలం ఆగితే నష్టమేమి? అంతకుముందు పెద్దవారు తమకేమి కావలెనో తామే చెప్పుకోవలెను. ఒకరికి గుడిదాకా నడిచి రావడం చాలును. మరొకరికి వంటింట అరగంట నిలబడగలగడం ముఖ్యం. నొప్పి పూర్తిగా పోకపోయినా ఆ పని చేతనైతే చికిత్స ఫలించినట్లే. పిల్లలు ఖర్చు భరించవచ్చును, తోడు రావచ్చును; నిర్ణయం మాత్రం ఆ నడుము మోసేవారిదే కావలెను.