పొయ్యి ఎక్కని స్ట్రాబెరీ ప్యూరీ: రుచి ఎక్కడిది, జాగ్రత్త ఎందుకు?

చలికాలం వచ్చిందంటే మహారాష్ట్రలోని మహాబలేశ్వర్, పంచగని కొండల నుంచి స్ట్రాబెరీలు చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఊరూరికీ బయలుదేరతాయి. మహాబలేశ్వర్ స్ట్రాబెరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో చలికి పేరుపడ్డ లంబసింగి ప్రాంతంలోనూ ఇప్పుడు ఈ తోటలు ఉన్నాయి. అయితే పండు చాలా సున్నితమైనది. తోలు పలుచన, లోపల దాదాపు 91 శాతం నీరే. ఒకటి రెండు రోజుల్లో మెత్తబడుతుంది, ఆ వెంటనే బూజు పడుతుంది. కొన్న పండ్లు పాడైపోకుండా వాడుకోవడానికి ఇంట్లో సులువైన దారి వాటిని మెత్తని గుజ్జుగా, అంటే ప్యూరీగా చేసుకోవడం.

చేయడం కొద్ది నిమిషాల పని. కానీ జామ్‌కూ తాజా ప్యూరీకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జామ్‌ను బాగా ఉడికిస్తారు. తాజా ప్యూరీ పొయ్యి ఎక్కదు. పండు వాసన, రంగు అలాగే నిలిచి ఉండటానికి కారణం ఇదే. క్రిములను చంపే దశ ఏదీ లేకపోవడానికీ కారణం ఇదే. అందువల్ల ఈ గుజ్జు విషయంలో శుభ్రత, చల్లదనం, సమయం అనే మూడింటి మీదే భారం పడుతుంది.

మాగబెడితే తీపి రాదు

మామిడికాయను గడ్డిలో మాగబెడితే పండుతుంది. అరటి గెల కోసిన తర్వాత కూడా పండుతుంది. ఈ పండ్లలో కోత తర్వాత ఇథిలీన్ వాయువు పెరిగి, పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. స్ట్రాబెరీ ఆ కోవకు చెందదు. మొక్క నుంచి తెంపిన తర్వాత ఎరుపు కాస్త ముదరవచ్చు, పండు మెత్తబడవచ్చు, కానీ తీపి పెరగదు. అందుకే తొడిమ దగ్గర తెల్లగా ఉన్న పండ్లను రెండు రోజులు ఉంచి చూసినా ప్రయోజనం ఉండదు. తొడిమ దాకా ఎర్రబడి, మంచి వాసన వస్తున్న పండ్లనే ఎంచుకోవాలి. ఆకారం వంకరగా ఉన్నా, కాస్త మెత్తబడినా ప్యూరీకి పనికొస్తాయి. బూజు పట్టిన పండును మాత్రం పారేయాలి. బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజు ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, పక్క పండ్లకు పాకుతుంది.

ఎప్పుడు కడగాలి?

పండ్లను తెచ్చిన వెంటనే కడిగి ఫ్రిజ్‌లో పెడితే ఆ తడి బూజుకు అనుకూలిస్తుంది. వాడుకునే ముందు కడగడమే మేలు. చేతులు సబ్బుతో కడుక్కుని, పండ్లను ధారగా పడే కుళాయి నీటి కింద మెల్లగా తిప్పుతూ కడగాలి. తొడిమలు ఆ తర్వాతే తీయాలి. ముందే తీస్తే ఆ గాయం గుండా నీరు, దానితోపాటు పైనున్న మురికి లోపలికి చేరుతుంది. పండ్లకు సబ్బు, డిటర్జెంట్ వాడకూడదు, అవి లోపలికి ఇంకిపోవచ్చు. కడగడం వల్ల మట్టి, కొంత మేరకు క్రిములు, పైపైన ఉన్న రసాయన అవశేషాలు తగ్గుతాయి. స్ట్రాబెరీ ఉపరితలం గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి పూర్తిగా పోతాయని చెప్పలేం.

ఆ గుంటల్లో కనిపించే గింజలు నిజానికి ఒక్కొక్కటీ ఒక పండు. వృక్షశాస్త్రంలో వీటిని ఎకీన్లు అంటారు. మనం పండు అనుకుని తినే ఎర్రని కండ భాగం పువ్వు అడుగున ఉండే పుష్పాసనం ఉబ్బగా ఏర్పడింది. ఒక్కో స్ట్రాబెరీ మీద ఇలాంటి ఎకీన్లు సుమారు 200 ఉంటాయి. ప్యూరీ చేసేటప్పుడు ఇవి మళ్లీ లెక్కలోకి వస్తాయి.

చక్కెర ఎందుకు?

తొడిమలు తీసిన 500 గ్రాముల పండ్లను ముక్కలుగా కోసి, రెండు టేబుల్ స్పూన్ల చక్కెర, ఒక టీస్పూను నిమ్మరసం కలిపి పావుగంట ఉంచాలి. గిన్నె అడుగున ఎర్రని రసం చేరుతుంది. ఆవకాయకు, నిమ్మకాయకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే ఇక్కడా జరుగుతుంది. కణాల బయట చక్కెర గాఢత ఎక్కువగా ఉండటంతో లోపలి నీరు పొరలు దాటి బయటికి వస్తుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. ఈ రసం వల్ల మిక్సీ బ్లేడుకు ముక్కలు సులువుగా అందుతాయి, విడిగా నీళ్లు పోయాల్సిన అవసరం ఉండదు. నీళ్లు పోయకపోతే రుచి పలచబడదు. ఈ కొద్దిపాటి చక్కెర తీపి కోసం, ఊట కోసం మాత్రమే. జామ్‌లో అయితే పండుతో దాదాపు సమానంగా పడే చక్కెర నీటిని పట్టి ఉంచి క్రిములు పెరగకుండా అడ్డుకుంటుంది. ఇక్కడ ఆ రక్షణ లేదు.

మిక్సీలో కొద్ది సేపే

మిక్సీని ఒకేసారి నిమిషాల తరబడి తిప్పకుండా, ఆపి ఆపి కొద్ది క్షణాల చొప్పున తిప్పాలి. ఎక్కువసేపు తిరిగితే మూడు నష్టాలు. గాలి కలిసి గుజ్జు నురగలా మారి రంగు వెలుస్తుంది. బ్లేడు రాపిడికి గుజ్జు వేడెక్కుతుంది. గింజలు నలిగి కాస్త వగరు, చేదు వస్తాయి. తర్వాత గుజ్జును సన్నని జల్లెడలో వేసి గరిటె వెనుక భాగంతో నొక్కితే గింజలు పైన మిగిలిపోతాయి. గింజలు పంటికి తగిలినా పర్వాలేదనుకుంటే వడకట్టనక్కర్లేదు, పీచు కూడా మిగులుతుంది.

పండు నలగగానే అప్పటివరకు కణంలో వేర్వేరు గదుల్లో ఉన్న పదార్థాలు ఒకచోట కలుస్తాయి. కొన్ని ఎంజైములు గాలిలోని ఆక్సిజన్ సాయంతో రంగు పదార్థాలను గోధుమరంగు వైపు మారుస్తాయి. 100 గ్రాముల పండులో సుమారు 59 మిల్లీగ్రాములుండే విటమిన్ సి కూడా గాలి తగిలిన కొద్దీ తరుగుతుంది. అందుకే గుజ్జును వెంటనే మూత ఉన్న పాత్రలోకి, వీలైనంత అంచు దాకా నింపి, చల్లని చోటికి చేర్చాలి.

స్ట్రాబెరీ ఎరుపుకు కారణం ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు. పులుపులో ఇవి నిగారింపుగా ఎర్రగా ఉంటాయి, పులుపు తగ్గితే పాలిపోతాయి. నిమ్మరసం వేయడం రుచికే కాదు, ఈ రంగును నిలబెట్టడానికి కూడా. ఒక చెంచా గుజ్జును విడిగా తీసి అందులో చిటికెడు వంటసోడా కలిపి చూస్తే ఎరుపు ఎలా మసకబారుతుందో కంటికే కనిపిస్తుంది. పుల్లని గుజ్జు అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలతో చర్య జరుపుతుంది కాబట్టి స్టీలు లేదా గాజు గిన్నె వాడాలి.

పులుపు ఒక్కటే కాపాడదు

స్ట్రాబెరీ పీహెచ్ సాధారణంగా 3 నుంచి 3.9 మధ్య ఉంటుంది. ఇంత పులుపులో చాలా రకాల బ్యాక్టీరియా పెరగలేదు. దీన్ని చూసి పుల్లని గుజ్జుకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. పెరగకపోవడం వేరు, చావడం వేరు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ మన కడుపులోని ఆమ్లాన్ని సైతం తట్టుకుని పేగుల్లోకి చేరగలదు. దానికి స్ట్రాబెరీ పులుపు ఒక లెక్క కాదు.

గడ్డకట్టించినా ఈ వైరస్ నశించదు. 2012లో తూర్పు జర్మనీలో ముఖ్యంగా బడుల్లో, శిశు సంరక్షణ కేంద్రాల్లో దాదాపు 11 వేల మంది వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. నోరోవైరస్ సోకిన గడ్డకట్టించిన స్ట్రాబెరీలే దీనికి కారణమని దర్యాప్తులో తేలింది. ఫ్రీజర్ క్రిముల పెరుగుదలను ఆపుతుంది, అప్పటికే ఉన్నవాటిని నిల్వ కూడా చేస్తుంది.

అందుకే ప్యూరీ ఎవరి కోసమన్నది ముఖ్యం. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారి కోసమైతే గుజ్జును ఉడికించడమే మంచిది. గడ్డకట్టించి అమ్మే దిగుమతి బెర్రీలను తినే ముందు ఒక నిమిషం పాటు మరిగించాలని ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ సూచిస్తోంది. మరిగిస్తే తాజా వాసన ఇచ్చే ఎస్టర్ల వంటి తేలికపాటి రసాయనాలు ఆవిరైపోతాయి, విటమిన్ సి కొంత పోతుంది, జామ్ వాసన మొదలవుతుంది. ఆ నష్టానికి బదులుగా భద్రత దక్కుతుంది. ఏడాది నిండని బిడ్డకు పెట్టే గుజ్జులో చక్కెర అవసరం లేదు, తేనె అసలే కలపకూడదు. తేనెలో ఉండే అవకాశమున్న బాట్యులిజం బీజాలను పసిపిల్లల పేగులు అడ్డుకోలేవు, మామూలుగా మరిగించినా అవి చావవు.

ఎంతకాలం నిల్వ ఉంటుంది?

ఉడికించని ప్యూరీని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. పులిసిన వాసన, బుడగలు, ఉబ్బిన మూత కనిపిస్తే ఈస్ట్ పని మొదలైందని అర్థం. రుచి చూడకుండా పారబోయాలి.

ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే ఐస్ ట్రేలో పోసి మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, ఆ ముక్కలను గాలి చొరబడని సంచిలో వేసుకోవచ్చు. కొన్ని నెలలు ఉంటుంది. ఎప్పటికెంత కావాలో అంతే తీసుకోవచ్చు కాబట్టి మిగతాది కరిగించి మళ్లీ గడ్డకట్టించే పని ఉండదు. కరిగించడం కూడా ఫ్రిజ్‌లోనే చేయాలి. సీసాలో పోస్తే పైన కొంత ఖాళీ వదలాలి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, నిండా పోసిన గాజు సీసా పగిలిపోతుంది.

పాలలో కలిపేటప్పుడు

వేడి పాలలో ఈ గుజ్జు వేస్తే విరిగిపోతాయి. పీహెచ్ 4.6 దగ్గరికి తగ్గితే పాలలోని కేసిన్ ప్రోటీన్ ముద్దలు కడుతుంది, వేడి దానికి తోడవుతుంది. బాగా చల్లారిన పాలలో, కొద్ది మోతాదులో కలిపి వెంటనే తాగాలి. పెరుగులో అయితే కేసిన్ ముందే తోడుకుని ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు. పాలు పులుపును తగ్గించడం వల్ల ఎరుపు లేత ఊదా గులాబీగా మారుతుంది. ఇంట్లో చేసిన మిల్క్‌షేక్ రంగు అంత గాఢంగా లేకపోతే పండు మంచిది కాదని అనుకోనక్కర్లేదు. వర్ణకం తన సహజ గుణం చూపించిందంతే.