పాలీలాక్టిక్ ఆమ్ల వ్యర్థాల రసాయన పునశ్చక్రీకరణ

జీవవిచ్ఛిన్న ప్లాస్టిక్ అనగానే మట్టిలో పడిన కొద్ది నెలలకే కలిసిపోతుందని భావించడం పరిపాటి. మొక్కజొన్న పిండిపదార్థాన్ని లేదా చెరకు చక్కెరను పులియబెట్టి, ఆ లాక్టిక్ ఆమ్లం నుండి తయారుచేసే పాలీలాక్టిక్ ఆమ్లం (పి.ఎల్.ఎ.) విషయంలో ఈ భావన సరికాదు. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు ఈ పాలిమర్ గాజువలె బిగుసుకొని ఉంటుంది. అంతటి వేడి, తేమ వారాల తరబడి నిలిచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలోనే అది వేగంగా కుళ్లుతుంది. పొలం మట్టిలో ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చు. ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణం సూచించేది కూడా కంపోస్టు కేంద్రంలోని విచ్ఛిన్నతనే గాని, దుక్కిలో కలిపివేయవచ్చునని కాదు. పైగా ఇందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప నత్రజని, భాస్వరం, పొటాష్ లేవు. కుళ్లినా ఎరువుకు చేకూరే పోషకమేమీ లేదు.

ఈ వ్యర్థాన్ని కుళ్లబెట్టుటకు బదులు రసాయనికంగా విడగొట్టవచ్చు. పి.ఎల్.ఎ. గొలుసులోని ప్రమాణాలను కలిపి ఉంచేవి ఎస్టర్ బంధాలు. జింక్ ఎసిటేట్ వంటి ఉత్ప్రేరకం సమక్షంలో, మూసిన పీడన పాత్రలో ఇథనాల్‌తో వేడిచేసినప్పుడు ఈ బంధాలు తెగి ఇథైల్ లాక్టేట్ ఏర్పడుతుంది. గొలుసులోని ఒక్కొక్క ప్రమాణం భారం 72, ఇథనాల్ అణుభారం 46, ఇథైల్ లాక్టేట్ అణుభారం 118. అనగా సిద్ధాంతరీత్యా 100 కిలోల వ్యర్థం, 64 కిలోల ఇథనాల్ కలిసి 164 కిలోల ద్రావణిని ఇస్తాయి. ఆచరణలో ఇథనాల్‌ను ఎక్కువగానే తీసుకొంటారు. అది 78 డిగ్రీల వద్ద, ఇథైల్ లాక్టేట్ 154 డిగ్రీల వద్ద మరుగుతాయి కనుక మిగులును స్వేదనంతో వేరుచేసి తిరిగి వాడుకోవచ్చు.

సిరాలు, రంగులు, శుభ్రపరిచే ద్రవాలతోపాటు, నీటిలో కరగని మూలపదార్థం గల పురుగుమందుల తయారీలోనూ ఇథైల్ లాక్టేట్ ద్రావణిగా పనికివస్తుంది. చర్యను మధ్యలో ఆపితే పొట్టి గొలుసులు మిగులుతాయి. వీటిని కొత్త పి.ఎల్.ఎ.లో ప్లాస్టిసైజర్‌గా కలిపితే పెళుసుదనం తగ్గి, పలుచని ఫిల్మ్‌కు వంగే గుణం వస్తుంది.

అయితే ప్రయోగశాలలో తేలికైనది చెత్తకుప్ప వద్ద తేలిక కాదు. వ్యర్థంలో తడి ఉన్నచో ఎస్టర్‌కు బదులు లాక్టిక్ ఆమ్లం ఏర్పడి దిగుబడి తగ్గుతుంది. మట్టి అంటిన మల్చింగ్ ఫిల్మ్ ఈ పద్ధతికి అనువైనది కాదు; జీవవిచ్ఛిన్న మల్చింగ్ ఫిల్మ్‌లలో ఎక్కువగా వాడే పి.బి.ఎ.టి. వేరొక పాలిమర్, దాని ఉత్పన్నాలూ వేరు. ఒకే రకం కప్పులు, పళ్లేలు ఒకేచోట పోగుపడే క్యాంటీన్లు, కల్యాణ మండపాలతో ఆరంభించడమే ఉచితమని తోస్తుంది. అక్కడ కూడా వేరుచేయడమే అసలు కష్టం: పి.ఎల్.ఎ. గ్లాసు చూపునకు పి.ఇ.టి. గ్లాసువలెనే ఉంటుంది, నీటిలో వేసినా రెండూ మునుగుతాయి.